ఉద్ధరిణెడు తీర్థం

ఆవిరి సద్దుమణిగేదాకా ఆగి, చిన్నబ్బ ఆటోక్లేవు మూత మరలు ఒక్కొక్కటే విప్పాడు. డిపార్ట్‌మెంటులో అందరూ దాన్ని కుక్కరనే అంటారు. నడుము ఎత్తున్న ఆ పీపాలోంచి వేడి పొగ మొహానికి కొట్టింది. కండువా చేతికి చుట్టుకుని నీలం మూత గాజుసీసా ఒకటి బయటికి తీశాడు. అడుగున తడి తుడిచి, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. నీళ్ళు కాచడానికే జీతం తీసుకునే మనిషి, నీళ్ళు కాచి దొంగచూపులు చూడాల్సి రావడం ఏం ఖర్మో!

తిరుపతిలో ఈ బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంటుకు అటెండరుగా వచ్చినప్పుడు అతని మీసం నల్లగా ఉండేది. ఇప్పుడు మీసం నెరిసింది, యాసిడ్ తగిలీ తగిలీ వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. గాజుసామాను కడగడం, ఆరబెట్టడం, నీళ్ళు కాచడం అతని పని. పెళ్ళి శుభలేఖలో వంటవాడి పేరు వేయరు కదా, పరిశోధన పత్రాల్లో తన పేరు వేయలేదని అతనికీ బాధ లేదు. కానీ తను కాచిన నీళ్ళంటే మాత్రం గర్వం. ఆ గర్వమే ఇప్పుడు అతన్ని దొంగను చేసింది.

డిపార్ట్‌మెంటులో పరిశోధన చేస్తున్న ధరణి, బంగారుపాళ్యం దగ్గరి రైతుబిడ్డ. వానలేని ఏడు కూడా వాడకుండా నిలబడిన వేరుశనగ మొక్కలు ఆ ఊరి చేనొకదాంట్లో దొరికితే, వాటి ఆకుల్లోంచి ఆర్ఎన్ఏ తీస్తూ ఉంది. ఆయుధపూజ ముందురోజు మొదటి ట్యూబులోని ఆర్ఎన్ఏకి జెల్లు పలక మీద రెండు చారలు చక్కగా వచ్చాయని గంతులేసింది. పూజనాడు మిషన్లకు గంధం, కుంకుమ పెట్టి, తిరుమల ఆకాశగంగ నుంచి తెచ్చిన తీర్థం చల్లడం చిన్నబ్బ వంతు. ధరణి బల్ల దగ్గరికి వచ్చేసరికి అతనికి మనసాగలేదు. మిగిలినవీ బాగా రావాలని ఆమె నీళ్ళసీసా మూత తీసి, ఉద్ధరిణెడు తీర్థం లోపల పోసి, గోవిందా అనుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి ఒక్క చారా రాలేదు. ధరణి గ్లౌజులు మార్చింది, మందు చల్లి బల్ల తుడిచింది, కొత్త రసాయనాల పెట్టెలు తెప్పించింది. నిన్న సాయంత్రం ఆమె గైడు కృష్ణమూర్తి సారు నీళ్ళ సంగతి అడిగితే తల అడ్డంగా ఊపింది.

"నీళ్ళు చిన్నబ్బన్న కాచినవి సార్. వాటిని అనుమానించే పనే లేదు. తప్పు నా చేతుల్లోనే ఉండాది."

తలుపు పక్కనే గుడ్డ పట్టుకుని నిలబడిన చిన్నబ్బ నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఆర్ఎన్ఏని కొరికి తినేది వేళ్ళ తడిలో ఉంటుందని అతనికి తెలియనిది కాదు. తీర్థానికి దోషం అంటదు గానీ, ఆ తీర్థంలో తులసాకు ముంచిన తన వేళ్ళకు అంటదా? చెబితే సారు నవ్వుతాడు, స్కాలర్లంతా చెప్పుకుని నవ్వుతారు. అందుకే కొత్తగా కాచిన సీసా పొద్దున్నే చప్పుడు లేకుండా మార్చేద్దామని పథకం వేశాడు.

వేడి సీసాను పొట్టకు ఆనించుకుని ల్యాబులోకి వెళ్ళేసరికి, ధరణి అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"ఏమ్మా, ఇంత పొద్దున్నే వచ్చినావు?"

"నిద్ర పట్టలేదన్నా. మిగిలిన ఆకుపొడంతా వాడేసినా, ఇంక లేదు. వచ్చిన ఆర్ఎన్ఏ నీళ్ళల్లో కలిపేసినా."

"యా నీళ్ళల్లో?"

"నీ నీళ్ళల్లోనే."

చిన్నబ్బ సీసాను మెల్లగా బల్ల కిందికి తోశాడు. అయినా ఆశ సావదు కదా, ఈసారికి స్వామి దయ చూస్తాడేమోనని అక్కడే నిలబడ్డాడు.

జెల్లులో ట్యూబులోది పోసి కరెంటు పెట్టి కూర్చున్నప్పుడు మాట్లాడటం ధరణికి అలవాటు.

"డీఎన్ఏ రెండు పోగులు పేనిన తాడన్నా. తన గది దాటి రాదు. ఆడుండే మాటను నకలు రాసుకోని బయటికొచ్చేది మెసెంజరు ఆర్ఎన్ఏ. ఒంటిపోగు, ఇట్టే తెగిపోతాది."

"రైబోసోమల్ అంటివే, అదో?"

"ప్రొటీను తయారయ్యేది దాని దగ్గర. ఆ పనికి కావాల్సిన సరుకు ఒక్కోటి మోసుకొచ్చి అందించేది ట్రాన్స్‌ఫర్. అది చిన్నది, తనమీద తానే మడుచుకోని ఉంటాది."

కొండమీద స్వామి వంటశాల అయిన పోటును చూసిన చిన్నబ్బకు అది తేలిగ్గానే అర్థమైంది. సరుకుల కొలతల దిట్టం రాసిన చీటీ, పొయ్యి, సరుకు మోసే మనిషి. చీటీ చిరిగితే పొయ్యి ఎంత మండి ఏం లాభం?

"మెసెంజరు పిడికెడే, కంటికి ఆనదు. ఆ రెండు లావుపాటి చారలు రైబోసోమల్‌వి. అవి నిలబడినాయంటే మెసెంజరూ బాగుండాదని నమ్మకం," అంది ధరణి లేస్తూ.

జెల్లు కింద దీపం వేసింది. చారలు లేవు. విభూతి రాసి చేత్తో తుడిచేసినట్టు పైనుంచి కిందిదాకా మసక. ధరణి దీపం ఆర్పి, మళ్ళీ వేసి చూసింది. ఏడవలేదు. ఆమె ఏడ్చి ఉంటే బాగుండేదని చిన్నబ్బకు అనిపించింది.

సాయంత్రానికి ఆమె బల్ల సొరుగు ఖాళీ చేసింది. ఫెలోషిప్పు అయిపోయింది. రేపు చిత్తూరులో ఒక ఇంటర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాలి. ఆ వేరుశనగ చేను ఎప్పుడో పీకేశారు, అలాంటి కరువేడు మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు.

"పోయొస్తానన్నా. ఈ పనికి నా చేతులు పనికిరావు," అంది నవ్వబోతూ.

ఆ మాట వినలేకపోయాడు చిన్నబ్బ.

"నీ చేతులు కాదు తల్లీ, నావి. పూజనాడు నీ నీళ్ళల్లో తీర్థం పోసినా. బాగా రావాలనే పోసినా."

ధరణి సంచీ జిప్పు సగంలో ఆపింది. చాలాసేపు అతని చేతుల వైపే చూసింది.

"పోసినందుకు నాకు కోపం లేదన్నా. నిన్న సారు అడిగినప్పుడు నువ్వు ఆడనే ఉండావు కదా?"

"ఉండాను."

"అప్పుడు చెప్పింటే, ఈ కాస్త పొడన్నా దక్కిండేది."

గొంతు పెంచలేదు. జిప్పు పూర్తిగా లాగి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. చెప్పుల చప్పుడు కింది అంతస్తు దాటేదాకా చిన్నబ్బ కదల్లేదు. స్వామి పేరు చెప్పి చేసిన తప్పును స్వామి మన్నిస్తాడేమో. నవ్వుతారని భయపడి మూసుకున్న నోటికి మన్నింపు ఎవరిని అడగాలో అతనికి తెలియలేదు.

తుడవడానికి గుడ్డ తీసుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు. తెల్ల థర్మోకోల్ డబ్బాలో ఐసంతా నీళ్ళయిపోయింది. ధరణి చేతిరాతతో నంబర్లున్న చిన్న ట్యూబులు, మూతలు గట్టిగా బిగించి ఉన్నవి, ఆ నీళ్ళమీద పక్కకు ఒరిగి తేలుతున్నాయి.