సాలెవాడ మాట

మార్థాబెన్ తమ్ముడు దాన్యేల్ సోలంకి పన్నెండేళ్ళు సెమినరీలో చదివి, ఫాదరై తిరిగొచ్చి, సొంత ఊరు మాణపురలో మొదటి ప్రసంగం చేసిన రోజున సాలెవాడంతా చర్చిలోనే ఉంది. మధ్యాహ్నం సజ్జ రొట్లా మీద నెయ్యి రాస్తూ ఆమె మెల్లగా అడిగింది.

"పొద్దున ఎవరితో మాట్లాడావురా దానా?"

"మీతోనే అక్కా. గుజరాతీలోనేగా చెప్పాను."

"దేవుడికి అర్థమయ్యే ఉంటుందిలే, ఆయనకి అన్ని భాషలూ వచ్చు. మాకు మాత్రం ఆమెన్ ఒక్కటే తెలిసింది."

నలుగురిలో తమ్ముణ్ణి ఫాదర్ అనే పిలుస్తుంది, తల వంచి దీవెన అందుకుంటుంది. వంటింట్లో మాత్రం అతను దానాయే. తల్లి పోయాక వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మగ్గం నేసి పెంచింది ఆమె మరి.

అక్క మాట అతనికి గట్టిగానే తగిలింది. ఆ తర్వాత ఎక్కడికి బదిలీ చేసినా, చావింట్లో ఏడుపులూ పెళ్ళింట్లో తిట్లూ చెవి ఒగ్గి వినేవాడు. విన్నది రాసుకునేవాడు. క్రైస్తవ మాసపత్రికలో అతని వ్యాసం వచ్చిందంటే, చదువొచ్చిన వాళ్ళ చేత చదివించుకుని మార్థాబెన్ తప్పులు పట్టేది. "అత్తగారు కోడల్ని అంత మర్యాదగా తిడుతుందా ఎక్కడైనా? మార్చు."

అలా ఇరవై ఏళ్ళు గడిచాక అతను సాలెవాడ మనుషుల మీద ఒక పుస్తకం రాశాడు. అహ్మదాబాదులో ఒక ప్రచురణకర్తకి పంపితే, పేజీపేజీకీ ఎర్రసిరా సున్నాలు చుట్టి తిప్పి పంపారు.

"ఈ ఎర్రవన్నీ ఏమిట్రా?" అంది మార్థాబెన్.

"మన వాడ మాటలు. మోటుగా ఉన్నాయట, చదువుకున్నవాళ్ళకి తెలియవట. మారిస్తే వేస్తామన్నారు."

"తెలియకపోతే నేర్చుకోమను. నువ్వు లాటిను నేర్చుకోలా?"

అతను ఒక్క మాటా మార్చలేదు. మిషన్ ప్రెస్సులోనే అచ్చు వేయించాడు. బడిపంతుళ్ళు ఒకరి చేతి నుంచి ఒకరు లాక్కుని చదివారు. చివరికి నడియాదులో సాహిత్య సభవాళ్ళు పిలిచారు. "నువ్వూ రావాలక్కా" అన్నాడు దాన్యేల్. తను కూలికి వెళ్ళే పొగాకు కొట్టంలో ఆ రోజుకి పని మానుకుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళి ఆమె ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుంది.

దాన్యేల్ చదవడం ముగించగానే ముందు వరసలోంచి ఓఝా సాహెబ్ లేచాడు. ముప్ఫై ఏళ్ళుగా నిఘంటువు కూర్చుతున్న పెద్దమనిషి; ఆయన లేస్తే సభ నోరు మూసుకుంటుంది.

"ఫాదర్, మీ శ్రమ గొప్పదే. కానీ నలభయ్యో పేజీలో ఒక మాట వాడారు. అది గుజరాతీయే కాదు. ఏ గ్రంథంలోనూ నాకు కనబడలేదు. చర్చి భాషలోంచి తెచ్చారేమో."

కొందరు నవ్వారు. మగ్గం మీద తెగిన పోగును ముడి వేయకుండా మెలిపెట్టి కలపడాన్ని సాలెవాడలో అనే మాట అది. మన తెలుగులో 'మెలికతుకు' అనుకోండి. తమ్ముడి చెవులు ఎర్రబడటం వెనక నుంచే చూసింది మార్థాబెన్. చిన్నప్పుడు బడిలో అంటరాని సాలెవాడని విడిగా కూర్చోబెట్టిన రోజున కూడా ఇలాగే ఎర్రబడ్డాయి. తనకి తెలియకుండానే ఆమె లేచి నిలబడింది.

"సాహెబ్, అది మా నాయనమ్మ మాట. ఆవిడకి లాటిను రాదు."

సభంతా వెనక్కి తిరిగింది. ఆమె నడుచుకుంటూ ముందుకొచ్చి, పమిట కొంగులోంచి ఒక పోగు లాగి, ఫట్టున తెంపింది. రెండు కొసలూ నాలుకతో తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి మెలిపెట్టింది. ఆ పోగును ఆయన ముందుకు చాపింది.

"ఎక్కడ అతికానో చూపించండి."

ఎంగిలి తగిలిన పోగు. సాలెదాని చెయ్యి. ఓఝా సాహెబ్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అరచెయ్యి చాపి పుచ్చుకున్నాడు. కళ్ళజోడు తీసి పోగును కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు, వేళ్ళతో మొదటినుంచి చివరిదాకా తడిమాడు.

"కనబడటం లేదు బెన్."

"మరి దీన్ని మీ పుస్తకంలో ఏమంటారు?"

"మా దగ్గర దీనికి మాట లేదు."

"మా దగ్గర ఉంది" అంది మార్థాబెన్.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వేదిక మీద ఫాదర్ దాన్యేల్ కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోవాలని కూడా చూడలేదు.

హోళీ వెళ్ళిన వారానికి ఓఝా సాహెబ్ నోటుపుస్తకం పట్టుకుని మాణపుర వచ్చాడు. నాలుగు రోజులు సాలెవాడలో నులకమంచం మీద కూర్చుని మాటలు రాసుకున్నాడు. మార్థాబెన్ ఇంట్లో మజ్జిగ తాగాడు, రొట్లా తిన్నాడు. వాడ మొత్తం గుమ్మాల్లో నిలబడి చూసింది. వెళ్ళేటప్పుడు ఆమె అంది, "ఇంకా ఉన్నాయి సాహెబ్. వానాకాలం మాటలు వానలు పడితేగాని గుర్తు రావు." ఆయన వానల్లో మళ్ళీ వచ్చాడు.

మరో రెండేళ్ళకి తమ్ముడి పుస్తకంలోంచి ఒక అధ్యాయం ఏడో తరగతి పాఠమైంది. దాన్యేల్ ఉత్తరం రాశాడు గానీ, పాఠాల పుస్తకంలో అచ్చయిందంటే ఆమెకి నమ్మకం కుదరలేదు.

ఒక ఉదయం పొగాకు కొట్టానికి వెళుతుంటే ఊళ్ళో పెద్ద రైతు పటేల్ గారి వసారాలోంచి ఆయన మనవరాలు గట్టిగా చదవడం వినబడింది. మార్థాబెన్ నిలిచిపోయింది. తన తల్లి నూలుకి గంజి పెడుతూ అనే మాటలు, అచ్చం అవే, పటేళ్ళ పిల్ల నోట వస్తున్నాయి.

"ఏం మార్థా, పనికి వెళ్ళలేదా?" పటేల్ తొంగిచూశాడు.

"వెళతాను కాకా. మీ మనవరాలు మా భాష చదువుతోంది. పాఠం అయ్యాక వెళతా."

పటేల్ పుస్తకం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఎండలో ఎందుకు, పైకి వచ్చి కూర్చో."

పాతికేళ్ళుగా ఆ ముంగిలి ఊడ్చిందే తప్ప మెట్టు ఎక్కలేదామె. నిదానంగా ఎక్కి, పిల్ల పక్కన చాప మీద సర్దుకుని కూర్చుంది.

"మళ్ళీ మొదటినుంచి చదువు తల్లీ. అంత గబగబా కాదు. మా అమ్మ నిమ్మళంగా మాట్లాడేది."