మిషను ఆపే అట్టముక్క

మా అమ్మాయి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముందు గదిలో కరెంటు మిషను. దాని రొద మొదలైతే చాలు, నా మనవరాలు తన ముంజేయి తానే కొరుక్కునేది. ఏడేళ్లొచ్చినా దానికి మాటలు రాలేదు. పిట్టలా గంతులేస్తుందని నేను పిట్టా అనే పిలుస్తాను. ఆ చేతి మీద పళ్లగాట్లు చూసిన రోజు నాకు తిండి సహించేది కాదు.

ఇలాంటి పిల్లలకు నేర్పడానికి వారానికోసారి ఇంటికొచ్చే టీచరమ్మ ఓ ఉపాయం చెప్పింది. ఎర్ర అట్టముక్కొకటి పిల్ల దగ్గరుంచాలి. అది తెచ్చి వాళ్లమ్మకిస్తే మిషను ఠక్కున ఆగిపోవాలి. పిట్ట నోరు చేతి దగ్గరికి పోకముందే నేను వెనకనుంచి దాని చెయ్యి పట్టుకుని అట్ట ఇప్పించేదాన్ని. "ఇదిస్తే ఆగుతుందమ్మా, ఇది అమ్మమ్మ మాట" అని చెవిలో చెప్పేదాన్ని. పదిరోజుల్లో పట్టేసింది. నెల తిరిగేసరికి గాట్లు మానాయి. కాకపోతే రోజుకు నలభైసార్లు ఆపించేది.

"కుట్టేదానికన్నా ఆపేదే ఎక్కువైందమ్మా. దీనికన్నా ట్రాఫిక్ పోలీసు నయం," అనేది మా అమ్మాయి, నవ్వుతూనే.

టీచరమ్మకి అదీ తెలుసు. ఇక కొద్దికొద్దిగా ఆలస్యం చెయ్యమంది. అట్ట అందుకుని 'విన్నాను' అనాలి, అయిదు లెక్కపెట్టేంతసేపు కుట్టి ఆపాలి. అది కుదిరాక పది. ఆ తర్వాత చొక్కా చెయ్యి ఒకటి అయ్యేంతసేపు. పిల్ల తట్టుకోలేకపోతే వెనక్కి రావాలే గానీ ముందుకు దూకొద్దని, ఆపడం మాత్రం మానొద్దని వేలు చూపించి మరీ చెప్పింది. అయిదు కుదిరింది. పదీ కుదిరింది. పిట్ట వేళ్లు ఆడిస్తూ బుద్ధిగా నిలబడేది.

అంతలో బడి యూనిఫారాలు వచ్చిపడ్డాయి. మర్నాటికి ఇవ్వాలి. ఆ మధ్యాహ్నం పిట్ట అట్ట తెచ్చిచ్చింది. మా అమ్మాయి 'విన్నాను' అని దాన్ని సొరుగులో పడేసి, సొరుగు మూసేసి, కుడుతూనే ఉంది. చేతులయ్యాయి, కాలర్లు మొదలయ్యాయి. పక్కన కూర్చుని నేను బొత్తాలు కుడుతున్నాను.

పిట్ట వాళ్లమ్మ వంక చూడలేదు. నా వంక చూసింది. మాటిచ్చింది నేను కదా. లేచి స్విచ్చి నొక్కితే సరిపోయేది. ఈ ఒక్క పూటకేలే అనుకుని తల దించుకుని సూదిలోకి దారం ఎక్కించుకున్నాను. మళ్లీ తలెత్తేసరికి దాని చేతి మీద రక్తం.

కట్టు కట్టాక మా అమ్మాయిని పట్టుకుని అడిగాను.

"పసిదాన్ని మోసం చేశావు కదే."

"నువ్వూ ఇక్కడే ఉన్నావు కదమ్మా," అంది.



సంగతి విన్న టీచరమ్మ తిట్టలేదు. మొదటికెళ్లమంది. అట్ట ఇవ్వగానే ఆపాలి, ఒక్క అంకె కూడా లెక్కపెట్టొద్దంది. మిషను ఆన్ చేసి మా అమ్మాయే అట్ట పిల్ల చేతిలో పెట్టింది. పిట్ట జారవిడిచింది. నేను వెనక్కెళ్లి చెయ్యి పట్టుకోబోతే మోచేత్తో నెట్టేసి, చెవులు మూసుకుని గోడవైపు తిరిగింది. చివరికి అట్ట లేకుండానే మా అమ్మాయి మిషను ఆపేసింది.

గది సద్దుమణిగింది. పిట్ట చెవుల మీద చేతులు తియ్యలేదు. ఆగిపోయిందమ్మా అని చెబుదామని దగ్గరికి వెళ్లాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను? పక్కనే నేల మీద కూర్చున్నాను.