నేల విడిచిన థెల్మా

మార్చి వచ్చిందంటే అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో ఎవరికీ ఊపిరి సలపదు. మేపుల్ చెట్ల నుంచి కారిన తీపినీళ్లు త్వరగా పాకంగా కాచకపోతే పులిసిపోతాయి. థెల్మా బాస్కమ్ ఇంట్లో పొయ్యి ఆరకుండా మండుతుంటే, ఆవిడేమో కోర్టులో జూరీ కుర్చీలో ఇరుక్కుపోయింది.

ఓరిన్ టటిల్ పక్క పొలంవాడి గడ్డికొట్టం తగలబెట్టాడని కేసు. ఆ రాత్రి చీకట్లో, పొలం అవతల ఓరిన్ ఎప్పుడూ వేసే ఈల చెవులారా విన్నానని ఆ కొట్టం యజమాని హైరమ్ సాక్ష్యం చెప్పాడు.

వాదనలు ముగిశాక జడ్జి విట్‌కమ్ గారు జూరీవైపు తిరిగారు.

"చట్టం నేను చెబుతాను, నిజం మీరు తేల్చాలి. ఇక్కడ విన్నదే లెక్క, బజారులో విన్నది కాదు. రుజువు చెయ్యాల్సింది ప్రభుత్వం, ఈ అబ్బాయి కాదు. కారణమున్న అనుమానం మిగిలితే దోషి అనకండి. ఇక, ఎవరైనా పైకి తేలితే కాళ్లు పట్టుకు లాగకండి. వాళ్లు చెప్పేది వినండి."

అందరూ తలూపారు.

గదిలోకి వెళ్లగానే చెప్పులకొట్టు ఎల్విన్, దోషి అనేవాళ్లు చేతులెత్తండన్నాడు. పన్నెండు చేతులూ లేచాయి. చేతితోపాటు థెల్మా కూడా లేచింది.

"ఏమమ్మా థెల్మా, ఎక్కడికి?" అన్నాడు ఎల్విన్.

"ఇంటికి పోదామనే కదయ్యా చెయ్యెత్తాను," అంది ఆవిడ, గాల్లో గౌను సర్దుకుంటూ.

"అయితే దిగు. నా ఆవు ఈనేలా ఉంది," అన్నాడు రైతు లెమ్యుయెల్.

"నోరు ఒప్పుకుంది, ఒళ్లు ఒప్పుకోవట్లేదు. ఏం చెయ్యను?"

ఎల్విన్ ఆవిడ కాలు అందుకోబోయి, జడ్జిగారి మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "సరే, ఏం గుచ్చుకుంటోందో చెప్పు."

థెల్మా వేళ్లు మడుస్తూ చెప్పింది. "ఆ రాత్రి గాలికి కోళ్లగూడు కప్పు లేచిపోయిందన్నాడు హైరమ్. పక్కనే నిలబడి పెళ్లాం అరుస్తున్నా వినబడలేదనీ తనే అన్నాడు. మరి పొలం అవతలి ఈల ఎలా వినబడింది?"

ముందు ఎల్విన్ బూట్లు నేల వదిలాయి. ఆ తర్వాత లెమ్యుయెల్‌వి. కాసేపటికి జూరీ మొత్తం పైకప్పు కింద చేరి, మోచేతులు తగిలినప్పుడల్లా మన్నించమనుకుంటూ ఆ ఈల సంగతే మాట్లాడుకున్నారు. అందరూ నిర్దోషి అన్నాకే మెల్లగా కిందికి దిగారు.

తీర్పు చదివారు. థెల్మా పరుగున వెళ్లి ట్రక్కు తీసింది. కోర్టు మలుపులోనే చక్రం బురదలో దిగబడింది. ఎవరో వెనకనుంచి భుజం ఆనించి ఒక్క తోపు తోశారు. తిరిగి చూస్తే ఓరిన్, మోకాళ్లదాకా బురదతో.

"ఎక్కడికి పోతున్నావు నాయనా?"

"తెలీదండీ. ఎక్కడికైనా పోవచ్చన్నారు."

థెల్మా రెండో పక్క తలుపు తీసింది. "అయితే ఎక్కు. ముందు అన్నం తిందువుగాని."