ముద్ర పడని లారీ

"కూర్చుని కాగితాలు నింపడానికి కూడా నీకింత నీరసమేంటే?" అన్నాడు జాగో, పళ్లెంలో మిగిలిన పచ్చసొనని బ్రెడ్డుముక్కతో తుడుచుకుంటూ.

భార్య లొవెన్నా పొయ్యి దగ్గరుంది. ఎడమచెయ్యి పెనం పిడి మీదుంది, కుడిచేతిలో పెన్నుంది, చెవికీ భుజానికీ మధ్య ఫోనుంది. కస్టమ్స్ ఏజెంటు ఆఫీసులో ఎవరో ఎత్తుతారని నలభై నిమిషాలుగా అదే పాట వింటోంది. అత్తగారు లవ్‌డే కిటికీ పక్కన కూర్చుని, టీ చల్లారిపోయిందని రెండోసారి అంది.

బ్రిటన్ ఐరోపాతో కలిసున్న రోజుల్లో ఈ కార్న్‌వాల్ రేవు నుంచి పీతల లారీ బయల్దేరాలంటే ఒక్క చీటీ చాలేది. సాయంత్రం ప్లిమత్‌లో ఓడెక్కితే తెల్లారేసరికి ఫ్రాన్సులో రోస్కాఫ్ చేరేది. విడిపోదామని, బ్రెగ్జిట్‌కి ఓటేయమని జాగో పడవకి జెండా కట్టుకుని తిరిగాడు. "మన సముద్రం మనకి" అని పబ్బులో బల్లలెక్కి అరిచాడు. సముద్రం సంగతేమో కానీ, కాగితాలు మాత్రం లొవెన్నాకి వచ్చాయి. పశువైద్యురాలు ప్రతి పేజీ మీదా ముద్ర వేయాల్సిన ఆరోగ్య పత్రం, అదీ రెండు భాషల్లో. ఏ పడవ ఎక్కడ పట్టిందో చెప్పే పత్రం, సుంకాల పత్రం, లారీ పత్రం. అవతలి గట్టు మీద కట్టాల్సిన పన్ను మీరే చూసుకోండని కొనేవాళ్లు చేతులు దులుపుకున్నారు. లారీ నిండా వెళ్లినా సగమే వెళ్లినా ఫీజులు ఒకటే కాబట్టి రేవులో చిన్న వర్తకులందరూ ఒక్కొక్కరే షెడ్లకి తాళాలేశారు. జాగోకి అక్షరాలు కుదురుగా కనబడవు. అందుకని వంటా, గిన్నెలూ, అత్తగారి మందులూ అయ్యాక ఇదంతా ఆమె వంటింటి బల్ల మీద చేసేది. జీతం లేదు. షెడ్డు బోర్డు మీద 'పెన్‌హాలో అండ్ సన్' అని జాగో ఇంటిపేరే ఉంటుంది. ఎగుమతికి బాధ్యులెవరు అన్న గడిలో మాత్రం లొవెన్నా పేరు రాయించాడు. "తేడా వస్తే జైలుకెళ్లేది నువ్వేలే" అని నవ్వాడు కూడా.

మొదటి దెబ్బ ఫిబ్రవరిలో తగిలింది. ఫ్రెంచి పేజీల్లో ఒకదాని మీద ముద్ర పడలేదని రోస్కాఫ్‌లో లారీని ఆపేశారు. రెండు టన్నుల పీతలు తొట్లలోనే చచ్చాయి. ఆ వార్త విని జాగో అరవలేదు. ఆమె కుడిచెయ్యి పట్టుకుని బల్ల సొరుగులో పెట్టి, మోకాలితో సొరుగుని తన్ని మూశాడు. "ఈ చేత్తోనేగా రాశావు" అన్నాడు. రెండు వేళ్లు విరిగాయి. కారు తలుపులో పడిందని ఆసుపత్రిలో చెప్పింది. "వాడు నీళ్ల మీద ప్రాణాలు పెట్టి తెస్తుంటే ఒక్క ముద్ర చూసుకోలేకపోయావా?" అంది లవ్‌డే. ఆరు వారాలు లొవెన్నా ఎడమచేత్తో రాసింది. ఆ తర్వాత కొట్టడానికి ముద్ర తప్పనక్కర్లేకపోయింది. ఏజెంటు ఫోను ఎత్తకపోయినా చాలు, ఓడ ఆలస్యమైనా చాలు.

ఈ పొద్దున పళ్లెం పక్కకి తోసి జాగో అన్నాడు: "లారీ నింపాను. నలభై సంచుల ఆల్చిప్పలు. పడమటి నీళ్లలో పట్టామని రాయి."

"ఎక్కడ పట్టావు?"

"రాయమన్నానా?"

ఆమెకి అర్థమైంది. తూర్పు అఖాతంలో ఆల్చిప్పలకి విషం పట్టిందని మూడు వారాల కిందటే అక్కడ వేట మూసేశారు. ఆ నోటీసు ఫ్రిజ్ తలుపుకి తనే అంటించింది.

"జాగో, అవి తిన్నవాళ్లకి మతి పోతుంది. ప్రాణాలే పోవచ్చు."

"ఫ్రెంచివాళ్లేగా తినేది."

"నేను రాయను."

అతను లేచి ఆమె మెడ వెనక పట్టుకుని ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి. ముక్కులోంచి రక్తం ఆరోగ్య పత్రం మీద పడి, ఫ్రెంచి అక్షరాల్లోకి పాకింది. జాగో ఆ కాగితం కేసి చూసి చిరాగ్గా నాలుక చప్పరించాడు. "ఇంకో కాపీ తియ్. డాక్టరు పదకొండింటికి వస్తుంది. మొహం కడుక్కో."

లవ్‌డే కిటికీలోంచి రేవుని చూస్తూ ఉండిపోయింది. లొవెన్నా మొహం కడుక్కుంది. ఇంకో కాపీ తీసింది. 'పడమటి నీళ్లు' అని రాసింది కూడా.

ఆ పశువైద్యురాలు డాక్టర్ ఐనారా స్పెయిన్ మనిషి. కాగితాలకే రోజంతా పోతోందని, జబ్బుపడ్డ ఆవు మొహం చూసి రెండేళ్లయిందని నవ్వుతూ చెప్పుకునేది. తొట్ల మూతలు తీసి చూసి, లారీ వెనక బల్ల దగ్గర ముద్రల పెట్టె తెరిచింది. డ్రైవరు హెర్వే తలుపులు వేయడానికి ఇనపకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. జాగో భార్య పక్కనే నిలబడి, ఆమె నడుం మీద చెయ్యి వేశాడు.

"మామూలు ప్రశ్నే," అంది ఐనారా, లొవెన్నా వాచిన ముక్కుని చూసీ చూడనట్టు చూస్తూ. "ఇందులో రాసిందంతా నిజమేనా?"

ఇన్నాళ్లూ ప్రతి లారీకీ ఈ ప్రశ్నకి లొవెన్నా తల కూడా ఎత్తకుండా అవునంది. అవును, కారు తలుపే. అవును, మెట్ల మీద జారాను. అవును, అంతా నిజమే. రోస్కాఫ్‌లో ఈ సంచులు కొనే సోలెన్ గుర్తొచ్చింది. శనివారం చెల్లెలి పెళ్లి అనీ, నూటపాతిక మంది వస్తారనీ, మంచి సరుకు పంపమనీ ఫోన్లో ఎంత సంబరంగా చెప్పిందో. వాళ్లలో ఎవరైనా పడిపోతే పోలీసులు చూసే గడిలో ఉన్నది తన పేరే. కానీ ఆ క్షణాన ఆమెకి జైలంటే భయం వేయలేదు. నడుం మీదున్న ఆ చేతి బరువు తప్ప మరేదీ తెలియలేదు. ఆ చెయ్యి ఉన్నంతసేపూ ఏ అబద్ధమైనా రాస్తాననీ, ఎవరు చస్తే చావనీ అనుకుంటాననీ తోచింది. అలాంటి మనిషినైపోయానా అనుకుంది.

"కాదు," అంది లొవెన్నా. "ఆ సంచులు మూసేసిన అఖాతంలోవి."

ఐనారా ముద్ర తిరిగి పెట్టెలో పెట్టి మూత వేసింది.

జాగో లొవెన్నా జుట్టు పట్టుకున్నాడు. రాళ్ల మీద ఈడ్చుకుంటూ షెడ్డులోకి తీసుకెళ్లి, పీతల తొట్టిలో తలని ముంచాడు. మంచులాంటి ఉప్పునీళ్లు ముక్కులోకి, గొంతులోకి దిగాయి. ఒకసారి పైకి లాగి "నిజమని చెప్పు" అన్నాడు. ఆమె నీళ్లు కక్కింది, చెప్పలేదు. మళ్లీ ముంచాడు. గడ్డం తొట్టి అంచుకి కొట్టుకుని చీలింది. నీళ్లు ఎర్రబడ్డాయి. చేతికందిన అతని బొటనవేలిని నోట్లోకి లాగి, పళ్లు ఎముకకి తగిలేదాకా కొరికింది. అతను గావుకేక పెట్టాడు. వెనకనుంచి హెర్వే ఇనపకడ్డీతో మోకాలి మీద ఒక్కటిచ్చాడు. జాగో కూలబడ్డాడు. ఐనారా పోలీసులకి ఫోన్ చేస్తూనే, తన కోటు తీసి లొవెన్నాకి చుట్టింది.

జాగోని షెడ్డులోంచే తీసుకెళ్లారు. సంచుల్ని అధికారులు స్వాధీనం చేసుకున్నారు. మధ్యాహ్నానికి లొవెన్నా గడ్డానికి పదకొండు కుట్లు పడ్డాయి. తనూ అబద్ధం రాసింది కాబట్టి విచారణ తనమీదా ఉంటుందని పోలీసులు చెబితే, "ఉండనీండి" అంది.

లవ్‌డే బస్సెక్కి వచ్చి, ఆసుపత్రి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. చేతిసంచి ఒళ్లోంచి దించలేదు.

"షెడ్డులో తడి ఉంటుంది," అంది. "ఎవరైనా జారతారు."

"నేను జారలేదు, అత్తయ్యా. మీరు కిటికీ దగ్గరే ఉన్నారు. మీరు ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం. నేను మాత్రం అంతా చెప్తాను."

వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చిన పోలీసు అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. లొవెన్నా సొరుగుతో మొదలుపెట్టింది. ఏ దెబ్బ ఏ రోజు తగిలిందో ఆమెకి తేదీతో సహా గుర్తుంది, ప్రతిదీ ఏదో ఒక లారీతో ముడిపడిందే కదా. వాచిన పెదాలతో ఆగి ఆగి చెప్పింది. రెండు గంటలు పట్టింది. మధ్యలో లవ్‌డే ఒక్కసారి కూడా అడ్డురాలేదు, లేచి వెళ్లిపోనూ లేదు.

చివర్లో పోలీసు అమ్మాయి కాగితాలు సర్దుకుంటూ, "పెద్దావిడా, మిమ్మల్ని ఇంటి దగ్గర దింపమంటారా?" అనడిగింది.

లవ్‌డే చేతిసంచి దించి నేల మీద పెట్టింది.

"చచ్చిపోయినవాడి మీద కూడా రాసుకుంటారా, అమ్మాయ్?" అంది. "మా ఆయన కూడా నన్ను ఆ తొట్టిలోనే ముంచేవాడు."