మూసుకోని కిటికీ

తాళాలాయన రోజూ కొట్టు తెరవగానే, బాగుచేసిన తాళాలన్నీ మేకులకు తగిలించి, ఒక్కొక్కటీ నొక్కి వేసి చూసుకుంటాడు. మధ్యాహ్నం భార్య క్యారేజీ పట్టుకుని వీధి మలుపు తిరిగిందో లేదో, అవన్నీ టకటకా ఊడిపోతాయి.

"అక్కడే పెట్టేసి వెళ్ళవే తల్లీ! నా పనంతా మళ్ళీ మొదటికొచ్చింది."

"నేనేమన్నా కావాలని చేస్తున్నానా?"

పాపం, కావాలని కాదు. నెల తప్పినప్పటి నుంచీ ఆవిడ దగ్గర ఏదీ మూసుకోదు, అంతే. బీరువా తలుపులు బార్లా తెరుచుకునే ఉంటాయి. గొడుగు విప్పింది విప్పినట్టే మూల కూర్చుంది. పక్కింటివాళ్ళు గేటుకి తాడు కట్టుకున్నారు. చక్కెర డబ్బాకి చీమలు పడుతున్నాయని అత్తగారు సణిగింది గానీ, వేవిళ్ళు ఒక్కొక్కళ్ళకి ఒక్కోలా ఉంటాయి కదా, ఎవరేం చేస్తారు?

అత్తగారి దిగులంతా వేరే. "ఒక ఆడపిల్ల ఉంది, చాలదా? ఈసారీ ముందే చూపించుకుందాం," అంది. అది అడగడం కాదు, చెప్పడం.

కోడలు మొగుడి వైపు చూసింది. ఆయన తాళంచెవిని ఆకురాయితో అరగదీస్తూ తల ఎత్తలేదు.

స్కానింగు సెంటరు మేడ మీద ఉంది. మెట్ల దగ్గర పెద్ద బోర్డు: పుట్టబోయేది ఆడో మగో ఇక్కడ చెప్పరు, చెప్పినా అడిగినా నేరం. ఆ డాక్టరమ్మ చట్టానికి ఎంత భయపడుతుందంటే, నోటితో చెప్పదు, కాగితం మీద రాయదు. వీధి వైపు కిటికీ వేస్తుంది! కడుపుతో ఉన్న మనిషి మెట్లు దిగేలోపు కిటికీ మూసుకుంటే ఆడ, తెరిచే ఉంటే మగ. ఇంటివాళ్ళు ఎదురుగా కరెంటు స్తంభం కింద నిలబడి, మెడలు ఎత్తి చూసుకోవాలి. పోలీసులు వచ్చి వెతికితే మాత్రం ఏం దొరుకుతుంది, కిటికీ తప్ప? ఎంత తెలివి, ఎంత పాడు తెలివి!

కిందటేడు ఆ కిటికీ టప్‌మని పడింది. మర్నాడే ఆవిణ్ణి ఇంకో చోటికి తీసుకెళ్ళి, కడుపు ఖాళీ చేయించి తీసుకొచ్చారు. ఆ తర్వాత చాలాకాలం, ఎవరు తలుపు వేసినా ఆవిడ ఉలిక్కిపడేది.

ఇప్పుడు మళ్ళీ అదే బల్ల, పొట్ట మీద అదే చల్లటి జిగురు. డాక్టరమ్మ తెర వైపు చూసింది. చేతులు తుడుచుకుంది. లేచి కిటికీ దగ్గరికి నడిచింది.

'అయిపోయింది,' అనుకుంది ఆవిడ. రెండు చేతులూ పొట్ట చుట్టూ వేసుకుని ఏడ్చేసింది.

డాక్టరమ్మ కిటికీ రెక్క లాగితే, అది వెనక్కి వచ్చేసింది. ఇంకోసారి లాగి గడియ పెడితే, గడియ జారిపోయింది. నర్సు కూడా వచ్చి భుజంతో నెట్టింది.

"ఈవిడ ఇక్కడుండగా పడదు మేడమ్. మా వీధే, నాకు తెలుసు."

"సరే, పంపించెయ్," అని డాక్టరమ్మ విసుక్కుంది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని మెట్లు దిగింది. కింద స్తంభం దగ్గర కొడుకుతో పాటు నిలబడ్డ అత్తగారు ఎదురొచ్చి గట్టిగా వాటేసుకుంది. "నా బంగారు తల్లీ! తెరిచే ఉందే, తెరిచే ఉంది!" నెలల తరబడి ఇంట్లో అన్నీ తెరుచుకునే ఉంటే, ఇంకొకటి తెరుచుకుని ఉందని ఆ పెద్దమనిషికి అనుమానం ఎందుకొస్తుంది?

మలుపు తిరుగుతుండగా వెనక మేడ మీద కిటికీ టప్‌మంది. అత్తగారు మాటల్లో మనవడికి ఉద్యోగం దాకా వెళ్ళిపోయింది, ఆమెకి వినబడలేదు. తాళాలాయన ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు.

"పదమ్మా, వాన వచ్చేలా ఉంది," అన్నాడు తల్లితో.

ఆ ఇంట్లో మూతపడింది ఆవిడ నోరొక్కటే. పుట్టేదాకా తెరవలేదు. రోజూ భయపడుతూనే తింది, భయపడుతూనే పడుకుంది.

ఆడపిల్ల పుట్టింది. అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైంది. "ఆ డాక్టరు మీద కేసు పెడతా!"

"ఏమని పెడతావమ్మా? ఆడో మగో అడిగితే తప్పు చెప్పిందనా? అడిగినందుకు ముందు మనల్నే లోపలేస్తారు," అన్నాడు కొడుకు.

ముసలావిడ తల పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, గది గుమ్మం దగ్గర తాళాలాయన భార్యతో మెల్లిగా అన్నాడు. "ఆ కిటికీ పడటం నేను చూశాను. తెలిసే ఊరుకున్నాను."

మెప్పు కోసం చూస్తున్నాడు పాపం. ఆవిడ చంటిదాన్ని భుజం మీదికి మార్చుకుంది.

"కిందటిసారీ చూశారు. అప్పుడూ తెలిసే ఊరుకున్నారు."

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసింది. ఇన్ని నెలల తర్వాత ఆ ఇంట్లో ఒక తలుపు నిండుగా మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినబడింది.

ఊళ్ళో ఆయన తీయలేని తాళం లేదు. పనిముట్లు జేబులోనే ఉన్నాయి. అయినా గుమ్మం ముందు చతికిలబడ్డాడు. పెద్దకూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, తలుపు తీయవా? చెల్లిని చూడాలి."

"అమ్మ తీయాలమ్మా," అన్నాడు.