చెడిన బేరింగు

డాక్టరమ్మ అంటే ఆస్పత్రిలో డాక్టరనుకునేరు. ఇంజనీరింగులో ఇంకా చేరను కూడా చేరని పిల్ల. వాళ్ల నాన్నది మోటార్లు రిపేరు చేసే షెడ్డు. పొడుగు స్క్రూడ్రైవరు కొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ భాగం చెడిందో చెప్పేస్తుందని పనివాళ్లు ఆ పేరు పెట్టారు. ఈ మధ్య ఏ మోటారొచ్చినా నాన్న స్క్రూడ్రైవరు తీసి ఆమె చేతికే ఇస్తున్నాడు. తన చెవి మీద ఆయనకి అంత గురి కుదిరిందని డాక్టరమ్మ మురిసిపోతోంది.

సీటు రెండు యూనివర్సిటీల్లో వచ్చింది. ఒకటి పేరు చెబితే ఎదుటివాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చునేది. రెండోది పేరు చెబితే "అదెక్కడుంది?" అని అడిగేది. ఎందులో చేరేదీ రేపటిలోగా తేల్చి చెప్పాలి. మామయ్య లెక్కలో అయితే తేల్చడానికేమీ లేదు. పెద్దదాంట్లోనే చేరుతోందని ఆయన తన బ్యాంకులో క్యాషియరు నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ చాటేశాడు.

ఆ పెద్దదాన్ని నిన్ననే చూసొచ్చారు. తుడిచిన అద్దంలా ఉంది ల్యాబు. ప్రతి యంత్రం మీదా ముట్టుకోవద్దని బోర్డు. డాక్టరమ్మకి చేతులు దురదపెట్టాయి. నాన్న మాత్రం గుమ్మంలో నిలబడి తృప్తిగా చూశాడు.

"ఎంత ప్రశాంతంగా ఉందో చూడు తల్లీ. ఇక్కడే చదువుకో" అన్నాడు.

యంత్రాల చదువుకి ప్రశాంతత ఎందుకో ఆమెకి బోధపడలేదు. అలాగని నాన్న అంత ఆశగా అన్న మాటని నచ్చలేదని కొట్టిపారెయ్యలేదు. గట్టి కారణం చూపించాలి. ఆ కారణం దొరుకుతుందేమోనని ఈ పొద్దున నాన్నని, పిలవకుండానే బయల్దేరిన మామయ్యని వెంటేసుకుని రెండో యూనివర్సిటీకి వచ్చింది.

ఇక్కడ ల్యాబు నేల నిండా నూనె మరకలు. మామయ్య ప్యాంటు మడమల పైకి లాక్కుని నడిచాడు. చీర కొంగు నడుముకి దోపుకున్న మేడమ్ ఒకావిడ, చూడ్డానికొచ్చిన తల్లిదండ్రులకి ఏదో వివరిస్తోంది. పక్కన బల్ల మీద ఒక మోటారు తిరుగుతోంది. దాని గొంతు వినగానే డాక్టరమ్మ ఆగిపోయింది. లోపల గరగరమంటోంది.

షెడ్డులో నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటుంది. తిరిగే యంత్రం తేడాగా మోగితే, విన్నవాళ్లెవరైనా సరే, ముందు ఆపెయ్యాలి. ఎవరిది, ఏమిటి అన్నవి తర్వాత. డాక్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఎర్ర బటన్ నొక్కేసింది. మోటారు ఆగింది. మేడమ్ మాటా ఆగింది.

"బేరింగు పోయింది మేడమ్. ఇలాగే వదిలేస్తే మోటారు మాడిపోతుంది."

"పరువు తీశావు కదే!" అని మామయ్య నుదురు కొట్టుకున్నాడు.

మేడమ్ నవ్వింది. "అది పోలేదమ్మా, మేమే పోగొట్టాం. చెడిన బేరింగు ఏరికోరి వేశాం. లోపలేం చెడిందో కొత్త పిల్లలు కనిపెట్టాలి. ఎవరూ అడక్కముందే కనిపెట్టి ఆపేసింది మాత్రం నువ్వొక్కదానివే."

అందరూ నవ్వారు. డాక్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. మంచిపని చేశావంటాడని నాన్న వైపు చూసింది. ఆయన మోటారుకి అందరికంటే దగ్గరగా నిలబడి ఉన్నాడు. కట్టుబాటు ఆయనదే. మరి ఆ బటన్ ఆయనెందుకు నొక్కలేదు?

"నాన్నా, నీకు వినపడలేదా?"

"ఆఁ? ఏంటమ్మా?"

ఆమెకి మనసు చివుక్కుమంది. స్క్రూడ్రైవరు తన చేతికెందుకు వస్తోందో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఎగిరెగిరి పడినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మేడమ్ మోటారు మళ్లీ తిప్పి, అదురుని పసిగట్టే బొత్తామంత సెన్సారు ఒకటి దానికి అంటించింది. కంప్యూటరు తెర మీద ఒక గీత ఎగిరెగిరి పడసాగింది. బేరింగు బాగుంటే ఆ గీత నిలకడగా ఉంటుందని చెప్పింది. నాన్న తెర మీదకి వంగిపోయాడు.

"ఇదేనా మేడమ్ ఆ చప్పుడు?"

"అదేనండీ."

"అయితే చెవులు సరిగా పనిచెయ్యని వాళ్లు కూడా..." అని ఆగిపోయాడు.

"నీ చెవులకేమైంది బావా? లక్షణంగా ఉన్నాయిగా!" అన్నాడు మామయ్య.

"షెడ్డు తినేసిందిరా."

డాక్టరమ్మ ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడింది. "నాతో చెప్పొచ్చుగా నాన్నా?"

"చెబితే చదువు మానేసి షెడ్డులోనే కూర్చుంటావని భయం. అందుకే ఆ పెద్దదాంట్లో చేరమన్నాను. అక్కడ చప్పుడు లేదు. నీ చెవులైనా మిగులుతాయి."

ఆమెకి ఏడుపొచ్చింది. కానీ వెతుక్కుంటూ వచ్చిన కారణం కూడా ఆ మాటలోనే దొరికింది.

"ఏ చప్పుడుకీ చెవి పెట్టకుండా పనిచెయ్యడం ఇక్కడ నేర్పుతారు నాన్నా. నేర్చుకుని మన షెడ్డుకి ఇలాంటిది నేనే తయారుచేస్తాను. ఇక్కడే చేరతాను."

ఈసారి నాన్నకి ప్రతి మాటా అందింది.

"మా బ్యాంకులో ఏం చెప్పుకోనే?" అని మామయ్య గొణిగాడు.

నాన్న మళ్లీ తెర వైపు తిరిగాడు. గీత ఇంకా ఎగురుతూనే ఉంది. కాసేపు దాన్నే చూసి, చెయ్యి చాచి ఎర్ర బటన్ నొక్కేశాడు.

"బేరింగు పోయింది మేడమ్" అన్నాడు.