అమ్మవారి పంది

కుడితి డ్రమ్ము కింద మంట మళ్ళీ ఆరింది. జగ్గమ్మ మోకాళ్ళ మీద కూలబడి ఊదింది. పొగ కళ్ళలోకి కొట్టింది. పచ్చి పుల్లలు ఏరుకొచ్చినందుకు తనను తాను తిట్టుకుంది, తర్వాత పుల్లల్ని తిట్టింది, చివరికి డ్రమ్మును కూడా వదల్లేదు.

గజపతినగరం హోటళ్ళ వెనక నుంచి తెల్లారగానే మోసుకొచ్చిన ఎంగిలి అన్నం, ఇడ్లీ ముక్కలు, పులిసిన సాంబారు అన్నీ కలిసి కుతకుతా ఉడకాలి. ఉడికించనిదే పందులకు పెట్టకూడదని వేసవిలో పశువుల డాక్టరమ్మ అనూరాధ మీటింగు పెట్టి మరీ చెప్పింది. ఎక్కడో మొదలైన పందుల జ్వరం ఇటు వస్తోందట. దానికి మందు లేదట. అందుకే ముందు నుంచీ చట్టం ఉందట. పందుల్ని వీధిలోకి వదలకూడదు, చచ్చినదాన్ని పారెయ్యకూడదు, రోగం కనబడితే ఆసుపత్రికి చెప్పకుండా దాచకూడదు. వచ్చినవాళ్ళంతా టీ తాగి, తలలూపి, ఇంటికొచ్చి మర్చిపోయారు. జగ్గమ్మ మర్చిపోలేదు. భయపెట్టే మాట ఆమె చెవిలో పడిందంటే ఇక బయటికి పోదు.

ఎండకు మాడిన బక్క మనిషి. ముంజేతుల నిండా డ్రమ్ము పెట్టిన చురకలు. ఎంత తోముకున్నా ఒంటి నుంచి కుడితి వాసన వదలదని, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళుతుంది. మొగుడు పోయాక కూతురు ఝాన్సీని పెంచింది ఈ పందులే. ఆ ఝాన్సీ ఇప్పుడు నిండు నెలలతో గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు.

"గుమ్మంలో కూకోకే అంటే ఇనవేటే? నోపలికి పో."

"నోపల ఉక్క. బయిట పొగంటావు. ఎక్కడుండమంటావమ్మా, సెట్టెక్కీమంటావేటి?"

"సెట్టు మాటెత్తకే! పడిపోతావు."

ఝాన్సీ తల పట్టుకుంది.

అంతలో పెరట్లోకి నల్లటి పంది ఒకటి గుర్రుగుర్రుమంటూ వచ్చింది. దాని కుడి చెవికి గాటు, నుదుట ఎండిన పసుపు. కూతురి కడుపు నిలబడగానే జగ్గమ్మ పోలమ్మ తల్లికి మొక్కి వదిలిన పంది అది. బిడ్డ క్షేమంగా పుడితే పండగనాడు అమ్మవారికి అప్పగించాలి. అందాకా దాన్ని కట్టకూడదు, కొట్టకూడదు. ఊరంతా దానిదే. మిగతా పందులన్నిటినీ చట్టం చెప్పినట్టు పాకలో మూసి, ఈ ఒక్కదాని సంగతి మాత్రం డాక్టరమ్మకు చెప్పలేదు.

మంగళవారం కదా అని దాని నుదుట పచ్చి పసుపు పూసింది. పాత డాల్డా డబ్బాను గరిటెతో టంగుటంగుమనిపించి నిన్న ఉడికించిన కుడితి పోసింది. ఆ చప్పుడుకు తప్ప అది మరెవరి పిలుపుకూ రాదు. తిని, మూతి విదిలించుకుని, తుంగలోకి వెళ్ళిపోయింది.

కిందటి వారమే మరిది లక్ష్ముడి పందులు చెవులు ఎర్రబడి, లేవలేక చచ్చాయి. వాడు వాటిని గోనెసంచుల్లో కట్టి ఊరి పక్క పారే గెడ్డలోకి విసిరేశాడు. జగ్గమ్మ వాడిని ఊరు వినేలా తిట్టి, ఇంట్లోకొచ్చి ఆసుపత్రికి ఫోను చేసింది. పందుల మీద దిగులుతో కాదు. ఆ జ్వరం గాలిలో వచ్చి ఝాన్సీ కడుపులో దూరుతుందని. డాక్టరమ్మ వచ్చి, వాడి పాకలో చావడానికి సిద్ధంగా ఉన్న పంది నుంచి నెత్తురు తీసి పంపింది.

డాక్టరమ్మ జీపు ఈరోజు వచ్చింది. వెనకే తెల్ల ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్న మనుషులు దిగారు.

"ఆ జ్వరమేనని తేలింది, జగ్గమ్మా," అంది అనూరాధ. "చుట్టూ కిలోమీటరు లోపల ఒక్క పంది కూడా మిగలకూడదు. పరిహారానికి నేను రాస్తాను."

"నా పందులకేటీ నేదు కదా తల్లీ! ఉడకెట్టినాను, మూసెట్టినాను, సెప్పిందల్లా సేసినాను."

"తెలుసు. అయినా తప్పదు."

"సేసినోల్లకీ సెయ్యనోల్లకీ ఒకటే సట్టమా?"

"ఎవరు చేశారో రోగానికి తెలీదు కదా."

"మరి నా పిల్లకేటీ అవదా?"

"నీ పిల్లకా? ఇది మనుషులకు రాదమ్మా. మీటింగులోనే చెప్పానే!"

జగ్గమ్మ ఆ మీటింగు మొత్తం నెమరేసుకుంది. ఆరోజు విన్నవాటిలో భయపెట్టినవన్నీ గుర్తున్నాయి. ఈ ఒక్క మాట మాత్రం లేదు.

మధ్యాహ్నానికి పాక ఖాళీ అయింది. మిగిలింది అమ్మవారి పంది. తెల్లబట్టల వాళ్ళు వలలు పట్టుకుని గెడ్డ గట్టున పరుగులు పెడుతుంటే అది తుంగలోంచి తుంగలోకి మారుతోంది. లక్ష్ముడు మెల్లగా పక్కన చేరాడు.

"వదినా, దాన్ని గెడ్డ దాటించీ, కిలోమీటరు దాటిపోతాది. అవతలోల్లకి అదెవులిదో తెల్దు. మొక్కుబడి పందిని గవర్మెంటోల్లు సంపితే పిల్ల కాన్పేటవుతాది?"

ఉదయం నుంచి తను నమిలి మింగుతున్న మాటే అది. వాడి నోట వినేసరికి ఒళ్ళు మండిపోయింది.

"ఆ మాట నీ నోట్నుంచే రావాలేట్రా! నువ్వు పారీసిన గోనెలు అటే ఎల్లినాయి. సాల్దా?"

గెడ్డ అవతల దూరంగా ఏదో ఇంట్లోంచి పొగ లేస్తోంది. అక్కడా తనలాంటిదే ఒకతె డ్రమ్ము కింద ఊదుకుంటూ ఉంటుంది. ఆమెకూ ఒక కూతురు ఉంటుంది.

గుమ్మంలోంచి ఝాన్సీ విసుక్కుంది. "నా కాన్పు పంది సేతిలో ఎట్టినావేటమ్మా? ఆస్పత్రికే కదా ఎల్తాను. పిలిసీ దాన్ని."

జగ్గమ్మ డబ్బా నిండా కుడితి పోసుకుని గట్టు దాకా నడిచింది. "తల్లీ, కోపమొస్తే నామీద సూపించు. పిల్ల జోలికెల్లకు," అని గొణిగి, గరిటెతో డబ్బా మీద కొట్టింది. తుంగ కదిలింది. పంది నేరుగా వచ్చి డబ్బాలో తల పెట్టింది. వెనక నుంచి మనుషులు వచ్చేదాకా ఆమె డబ్బాను కదలనివ్వకుండా రెండు చేతులా పట్టుకుంది. ఎక్కువసేపేమీ పట్టలేదు.

గొయ్యి పూడ్చి సున్నం చల్లారు. డ్రమ్ములో మిగిలిన కుడితి కూడా గోతిలోనే పోయించారు. అప్పటికి గానీ డ్రమ్ము కింద మంట సరిగ్గా అంటుకోలేదు. దానికేసి చూసి జగ్గమ్మ మళ్ళీ తిట్టింది.

"మనుసులకి రాదన్న మాట ఇంకాస్త గట్టిగా సెప్పాల్సింది, డాక్టరమ్మా."

అనూరాధ బూట్లకు అంటిన సున్నం కడుక్కుంది.

"అమ్మా, నోపల బిడ్డ తంతన్నాది," అంది ఝాన్సీ.

"ఎటేపు? నొప్పేటే? సెప్పవే!" అంటూ జగ్గమ్మ పరుగెత్తింది.

గట్టు మీద డాల్డా డబ్బా బోర్లా పడి ఉంది. దాని అంచున, పంది నుదురు ఒరుసుకున్న చోట, పసుపు ఇంకా తడిగానే ఉంది.